ఏడో గది తలుపు

ఒక్క భుజం తోపుకే విరిగిపడే తలుపు చేయడం గట్టి తలుపు చేయడం కన్నా కష్టమని గజం మేస్త్రి చెప్పేవాడు.

సినిమా సెట్లు కట్టే ఆ వడ్రంగిని అంతా అలాగే పిలిచేవారు. కొడుకు పుట్టినప్పుడు ముందు టేపు పెట్టి పొడవు కొలిచి, ఆ తర్వాతే ముద్దు పెట్టుకున్నాడని అతని మీద ఒక కథ.

ఇప్పుడు తీస్తున్నది ఒక యుద్ధఖైదీ జీవితం. శత్రువుల చెరలో నాలుగేళ్ళు మగ్గి, జైల్లో ఏడో గది తలుపు బద్దలుకొట్టుకుని వచ్చిన సైనికుడు. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆ జైలూ ఏనాడో నేలమట్టమైంది. కనీసం ఫొటో లేదు.

మర్నాడు తలుపు పగిలే సీను. మేస్త్రి దగ్గరుండి రంగు వేయిస్తున్నాడు.

“గడియ ఇంకో జానెడు కిందికి ఉండాలి, మేస్త్రిగారూ.”

వెనక్కి తిరిగి చూస్తే ఒక ముసలాయన. వెలిసిపోయిన కోటు. మాటలు ఏరి ఏరి పేర్చినట్టున్నాయి.

“ఎవరు చెప్పారు?”

“చూశాను. తిండి పెట్టే కంత దాని పక్కనే. గడియ కాస్త ఎత్తి లాగాలి. లేకపోతే రాదు.”

మేస్త్రి గొంతు తగ్గింది. “మీరూ ఆ జైల్లో ఉన్నారా?”

“ఆరేళ్ళు.”

స్టూలు వచ్చింది. టీ వచ్చింది. పనివాళ్ళు చుట్టూ చేరారు. నడవా ఎన్ని అడుగులో, దీపం ఎక్కడ వేలాడేదో, బూట్ల చప్పుడు ఏ మలుపులో మారేదో ముసలాయన చెప్పాడు. మేస్త్రి గడియ ఊడదీసి జానెడు కిందికి దించాడు. ఒకరి మాట విని అతను మేకు పీకడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

“ఇక లోపలి సంగతి చెప్పండి. కిటికీ ఏ గోడకి?”

ముసలాయన కప్పు కింద పెట్టాడు. “తెలియదు.”

“పోనీ, పడుకునే బల్ల?”

“తెలియదు నాయనా.”

“ఆరేళ్ళూ కళ్ళు మూసుకుని ఉన్నాడేమో లెండి,” అన్నాడు రంగులాయన. అందరూ నవ్వారు.

ముసలాయన నవ్వలేదు. “ఒక్క మాట వినండి. రేపు ఈ తలుపు పగలగొట్టకండి. అది పగలలేదు. గడియ తీసే ఉంది. అతను నెట్టాడు, వచ్చింది.”

మేస్త్రికి ఒళ్ళు మండింది. ఎక్కడ విరగాలో అక్కడే విరిగేలా మూడు వారాలు కూర్చుని అతికిన తలుపు అది.

“అంటే మా హీరో షికారుకి వెళ్ళినట్టు నడిచొచ్చాడంటావు.”

“వీరుడే. అది కాదు నాయనా…”

“మరి గడియ ఎవడు తీశాడు?”

ముసలాయన నోరు తెరవబోయి, చుట్టూ ఉన్న మొహాలు చూసి ఊరుకున్నాడు.

“పడుకున్న చోటు తెలియదు గానీ, గడియ కథలు మాత్రం బాగా తెలుసు. చచ్చిపోయిన మనిషి పేరు చెప్పి టీ తాగడానికి సిగ్గు లేదూ? లే.”

జబ్బ పట్టుకుని గేటు దాకా నడిపించాడు. ముసలాయన విదిలించుకోలేదు.

“గడియ దించారు. అది చాలు,” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఖైదీ భార్య సెట్టు చూడ్డానికి వచ్చింది. తలుపు ముందు ఆగింది.

“ఇది పగులుతుందా బాబూ?”

“ఒక్క తోపుకేనమ్మా.”

“వద్దు. డైరెక్టరుగారికి ఇప్పుడే చెప్పొచ్చాను. తలుపు పగలగొట్టానని మా ఆయన అబద్ధమాడాడు. గడియ తీసిన మనిషి పేరు బయటపడితే అక్కడ అతన్ని బతకనివ్వరని. పోయేముందు నాకొక్కదానికే చెప్పాడు.”

మేస్త్రి గేటు వైపు చూశాడు.

“ఆ మనిషి ఉన్నాడో లేడో తెలియదు. ఈ సినిమాకి నేను ఒప్పుకుందే అందుకు. పేపర్లో చూసి వస్తాడేమోనని. ఒక్కసారి చేతులెత్తి మొక్కాలని.”

మేస్త్రి గేటుకు పరుగెత్తాడు.

“ఆ తాతా?” అన్నాడు గేటు కాపలాదారు. “నిన్న సాయంత్రం దాకా ఎదురు అరుగు మీదే కూర్చున్నాడు. తర్వాత బస్సెక్కాడు. ఏ బస్సో చూడలేదు.”

మేస్త్రి తిరిగి వచ్చి, తలొంచుకుని, జరిగింది దాచకుండా చెప్పాడు. ఆమె స్టూలు మీద కూలబడింది.

“లోపలి సంగతి ఒక్కటీ చెప్పలేకపోయాడమ్మా. అందుకే నమ్మలేదు. ఖైదీ అయ్యుండి…”

“ఖైదీ ఎందుకవుతాడు నాయనా,” అంది ఆమె మెల్లగా. “ఆయన వాళ్ళ సైనికుడు. మా ఆయనకి తిండి అందిస్తూ, ఆ కంతలోంచే మన మాటలు నేర్చుకుంటూ, ఆ తలుపుకి బయట కాపలా ఉన్నవాడు.”