ఇసబెల్, మాడ్రిడ్ నుంచి

"అమ్మీ, నీ కాళ్లు పట్టుకుంటా. గంటసేపు మిక్సీ ఎయ్యమాక," అంది జెబా, గది తలుపు మూయబోతూ.

"ఏందే అట్టా వణికిపోతన్నావు?" అంది వాళ్లమ్మ హజ్రా బీ.

"స్పెయిన్ నుంచి ఇన్‌స్పెక్టరు నా క్లాసు వింటాడంట. నాకొచ్చింది మూడొందల మాటలే. దొరికిపోతే ఉద్యోగం పోద్ది."

"మూడొందలు చాలవా? మీ నాన్న ఏడాదంతా కలిపినా అన్ని మాట్లాడడు."

నవ్వే ఓపిక జెబాకు లేదు. ఆన్‌లైన్‌లో స్పానిష్ మాటలు నేర్పడం ఆమె పని. కంపెనీ ఆమెకు ఇసబెల్ అని పేరు పెట్టింది, మాడ్రిడ్‌లో పుట్టిందని రాసింది, కెమెరా మాత్రం ఆన్ చెయ్యొద్దంది. నరసరావుపేట దాటకుండానే మాడ్రిడ్ పిల్లనైపోయానని మొదట్లో ఆమెకూ సరదాగానే ఉండేది. ఇవాళ మాత్రం పొద్దుట్నుంచీ ఆ మూడొందల మాటలే వల్లెవేస్తోంది. ఇల్లు కదలకుండా చేసుకునే ఉద్యోగం ఈ ఊళ్లో ఆమెకు మళ్లీ దొరకదు.

ఏడింటికి క్లాసు మొదలైంది. తెరమీద రెండు పేర్లు కనిపించాయి. ఒకటి అమెరికాలో ఉండే పెద్దావిడ మార్గరెట్‌ది. రెండోది ఇన్‌స్పెక్టరు కార్లోస్‌ది. ఆయన మొహం కనిపిస్తే కోపమో శాంతమో తెలిసేది. అదీ కనిపించడం లేదు.

"ఇంగ్లీషు వస్తే స్పానిష్ సగం వచ్చినట్టే," అంది జెబా ఇంగ్లీషులో. "హాస్పిటల్ అంటే ఓస్పితాల్. డాక్టర్ అంటే దోక్తోర్. యానిమల్ అంటే అనిమాల్."

మార్గరెట్ బుద్ధిగా అప్పజెప్పింది. కార్లోస్ ఉలకలేదు, పలకలేదు. జెబాకు అదే ప్రాణం తోడేస్తోంది.

"నీళ్లను ఏమంటారు?" అన్నాడాయన ఉన్నట్టుండి, ఇంగ్లీషులోనే.

"ఆగ్వా."

"రొట్టెను?"

"పాన్."

ఇంత తేలికవి ఎందుకు అడుగుతున్నాడు? పిల్లి ఎలుకను ఆడించినట్టు తనను ఆడిస్తున్నాడనుకుంది.

ఇంతలో మార్గరెట్‌కు ముచ్చట పుట్టింది. "మీరిద్దరూ స్పెయిన్ వాళ్లే కదా! రెండు నిమిషాలు స్పానిష్‌లో మాట్లాడుకోండి. నాకు వినాలని ఉంది."

కార్లోస్ నోరు మెదపలేదు. జెబానే మొదలుపెట్టాలని కాచుకుని ఉన్నట్టున్నాడు. ఇక తప్పదని కళ్లు గట్టిగా మూసుకుని, నోటికొచ్చిన మాటలన్నీ ఒక్క ఊపిరిలో కక్కేసింది.

"ఆగ్వా, పాన్, మేసా, ఓస్పితాల్, గ్రాసియాస్!" అంటే నీళ్లు, రొట్టె, బల్ల, ఆసుపత్రి, థాంక్స్ అని.

కళ్లు తెరిచి తెరమీద ఆయన పేరు కేసి చూసింది.

"సీ," అన్నాడు కార్లోస్ చివరికి. అంటే అవును అని. "సీ, సీ."

మార్గరెట్ మురిసిపోయి చప్పట్లు కొట్టింది, థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది. బతికాననుకుని జెబా కూడా లాప్‌టాప్ మూయబోయింది.

"ఇసబెల్, మీరుండండి. మీతో మాట్లాడాలి," అన్నాడు కార్లోస్. గొంతు బిరుసుగా ఉంది.

అయిపోయింది. కంపెనీ వాళ్లు గెంటేసేలోపు తనే ఒప్పుకుంటే కనీసం పరువైనా దక్కుతుందనుకుంది జెబా.

"సార్, నేను నిజానికి..." అని మొదలుపెట్టింది.

ఆయన వినిపించుకోలేదు. మైకు ఆపకుండానే ఎవరిమీదో గట్టిగా అరిచాడు.

"ఏమే దయామణీ, ఆ బర్రె అరుపేందే? దానికి కాసింత గడ్డెయ్యి, నేనింకా స్పెయిన్‌లోనే ఉన్నా!"