పక్క చాప మీద మనిషి

కళ్లు మూసుకుని కూర్చున్న తబిత చేతిని ఎవరో గట్టిగా పట్టుకున్నారు.

ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. పక్క చాప మీది ముసలామె! నెరిసిన జుట్టు, నుదుట రూపాయి బిళ్లంత బొట్టు. కళ్లు మూసుకునే ఉంది గానీ పట్టు మాత్రం వదల్లేదు.

తబిత విసురుగా చెయ్యి లాక్కుంది.

పుంగనూరు దాటాక గుట్ట మీద ఉన్న బుద్ధుడి గుడి అది. వారం రోజుల ధ్యానం. ఎవరితోనూ మాట్లాడకూడదు, పేరైనా అడగకూడదు. సైగ చెయ్యకూడదు. ఒకరినొకరు తాకకూడదు. ఏదైనా ఇబ్బంది ఉంటే అక్కడ సేవ చేసే రూపతో గుసగుసగా చెప్పుకోవచ్చు, అంతే.

అసలు తబిత ఇక్కడికి బయలుదేరితేనే ఇంట్లో పెద్ద రభస. మదనపల్లెలో టీచరమ్మ, ఏ ఆదివారమూ చర్చి మానని మనిషి. ఆడబిడ్డ ఎలిజబెత్ బుగ్గలు నొక్కుకుంది.

“బుద్ధుడి గుడికా? పాస్టరయ్యకు తెలిస్తే ఏమంటాడు?”

“మొక్కేదానికి కాదు వదినా. నిద్ర కోసరం పోతాండా.”

ఆ మాట విని ఎలిజబెత్ తనే సంచి సర్దిపెట్టింది. తబిత కంటినిండా నిద్రపోయి ఏళ్లయిందని ఆమెకు మాత్రం తెలియదా!

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు బడిలో అయ్యవారిగా చేసే తబిత భర్త జీవానందాన్ని మదనపల్లె ఆసుపత్రి వార్డులోకి తీసుకుపోయారు. ఆమెను గేటు దగ్గరే ఆపేశారు. మళ్లీ ఆమె చూసింది ప్లాస్టిక్ సంచిలో చుట్టిన మూటనే. ఆయన దేవుడి దగ్గరే ఉన్నాడని పాస్టరుగారు చెబితే నమ్మింది. కానీ పోయేటప్పుడు పక్కన నా అన్నవాళ్లు ఒక్కరూ లేకపోయారే! దిక్కులేనివాడిలా పోయాడే! ఆ దిగులే ఆమెను రాత్రిళ్లు పొడుచుకు తినేది.

ఇక్కడేమో కళ్లు మూసుకుని ఊపిరిని గమనించమంటారు. ఊపిరి అంటే తబితకు ఆయన ఆయాసమే గుర్తొస్తుంది. ఏడుపు తన్నుకొస్తుంది.

వెక్కిళ్లు వినపడ్డాయో లేదో, పక్క చాప మీంచి ఆ చెయ్యి వచ్చి వాలుతుంది. పని చేసి చేసి కాయలు కాచిన చెయ్యి. ఒకసారి విదిలించుకుంటే సిగ్గుపడి ఊరుకుంటుందనుకుంది. మర్నాడూ అంతే.

తబిత రూప దగ్గరికి పోయింది.

“ఏడ్చుకునేదానికి కూడా ఇడవదమ్మా ఆయమ్మ. చీటికీ మాటికీ చెయ్యి పట్టుకుంటాంది. యాడికన్నా మార్చండి.”

రూప వెళ్లి ముసలామె చెవిలో ఏదో చెప్పింది. ఆమె తల వంచుకుని, చాప చుట్టుకుని, హాలు చివర గోడ పక్కకు పోయింది. కూర్చునే ముందు తబిత వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. అది కూడా సైగే కదా! రూప కళ్లతోనే కసిరింది.

హమ్మయ్య, పీడ వదిలింది అనుకుంది తబిత.

ఏడుపు మాత్రం వదల్లేదు. కళ్లు మూసుకున్నప్పుడల్లా వచ్చింది. అదేం చోద్యమో, ఖాళీగా ఉన్న పక్క చోటు చూస్తే ఇంకా దిగులేసింది.

ఆఖరి రోజు తెల్లవారుతూనే గంట కొట్టి మౌనం విడిచారు. వారమంతా నోరు కట్టేసుకున్న ఆడవాళ్లు ఒక్కసారిగా వసపిట్టలయ్యారు. తబితకు రెండోవైపు కూర్చున్న వెంకటగిరికోట గౌరమ్మ టీ గ్లాసు పట్టుకుని వచ్చింది.

తబిత కళ్లు ముసలామె కోసం వెతుకుతున్నాయి. పోయేముందు ఒక మంచి మాట చెప్పాలనిపించింది. ఎంతైనా పెద్దమనిషి.

“గోడ పక్కన కుసోనుండే ఆయమ్మ యాడమ్మా?”

“నారాయణమ్మా? నేనూ ఆమే ఒగే గదిలో పడుకుంటిమి. గంట కొట్టినాక నాతో కాసేపు మాట్లాడి, మొదటి బస్సుకే ఎళ్లిపోయినాది.”

“ఎవురు ఏడ్చినా చెయ్యి పట్టుకునేస్తుందే, అదేం అలవాటమ్మా?”

“అలవాటే మరి! పెద్దమండ్యంలో కూలికి పొయ్యే మనిషి. కరోనాలో మదనపల్లె వార్డులో ఆయా పనికి చేరిందంట. సొంతోళ్లను లోపలికి రానీరు గదా. ఆయాసం ఎక్కువైనోళ్ల పక్కన కుసోని, పానం పొయ్యేదాకా చెయ్యి పట్టుకోనుండేదంట. తన కండ్ల ముందర ఎవుర్నీ దిక్కులేకుండా పోనీలేదమ్మా, మహాతల్లి!”

తబిత గౌరమ్మ దగ్గరికి జరిగింది.

“కండ్లు మూసుకుంటే వాళ్లంతా వస్తాండారంట, పాపం. నిద్ర లేకనే ఈడికి వచ్చింది. దాంట్లో ఒగ అయ్యోరు ఉండాడంట సూడు, ఆయన్ని మాత్రం మరిచిపోలేకుండా ఉండాది.”

“ఏం… ఏమయిందంట ఆయనకు?”

“పెండ్లాన్ని ఒగటే పిలస్తా ఉన్న్యాడంట. పానం కొట్టుకుంటాందే గానీ పోదు. సూడలేక ఈమె ఆయన చెయ్యి పట్టుకోని, ‘వచ్చినానయ్యా, నేనే, ఈడనే ఉండా’ అనిందంట. ఆ మాట ఇని నెమ్మదిగా కండ్లు మూసుకున్న్యాడంట. ‘సచ్చేవాడికి అబద్ధం చెప్తినే అక్కా, ఆ పెండ్లాం యాడన్నా కనపడితే కాళ్లు పట్టుకోవల్ల’ అని పొద్దున ఒగటే ఏడుపు.”

తబిత గౌరమ్మ చెయ్యి పట్టుకుంది.

“ఏమని… ఏమని పిలిచినాడంట?”

“ఏందోమ్మా, నోరు తిరగని పేరు చెప్పింది. ఆఁ… తబిత.”

గౌరమ్మ గ్లాసు కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది.

“ఇన్ని దినాలు పక్కపక్కన కుసోనుంటిమి. ఇంతకీ నీ పేరేందమ్మా?”