అవ్వ దగ్గర సెలవు

సూదులూ సెలైన్లూ యంత్రాలే చూసుకుంటున్న రోజులవి; నర్సులకు మిగిలింది మనిషిని కనిపెట్టుకోవడమే. అందుకని నర్సింగు కాలేజీవాళ్ళు ఒక్కో అమ్మాయికి మాట్లాడే రోగి బొమ్మనొకటిచ్చి, నెలరోజులు ఇంట్లో పెట్టుకుని చూసుకోమనేవారు. నాగవేణికి అవ్వ బొమ్మ వచ్చింది. దానికి ఒళ్ళు తుడవాలి, పక్క మార్చాలి, జడ వేయాలి.

"ఎంత బిగిస్తివి మే! నా తలేమన్నా గడ్డిమోపా?" అని అవ్వ రోజూ దెప్పేది.

"బొమ్మకుండే నోరు చూడు," అని వంటింట్లోంచి నాగవేణి అమ్మ నవ్వేది.

నెల ముగిశాక కాలేజీలో చివరి పరీక్ష. రోగి దగ్గర సెలవు తీసుకోవాలి. అబద్ధం చెప్పకూడదు, దిగులు పెట్టకూడదు. కిందటేడు "పోతాండా" అనేసి నాగవేణి తప్పింది. మంచాన పడ్డ మనిషితో ఆ మాటంటారా అని అమ్మ కూడా తిట్టింది. ఈసారీ తప్పితే సీటు పోతుంది. పాసైనా కాకపోయినా, సాయంత్రానికి బొమ్మ జ్ఞాపకాలు తుడిచేసి ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"పొయ్యొస్తానవ్వా," అంది జాగ్రత్తగా.

"ఎప్పుడొస్తావు?"

ఈ ప్రశ్న పాఠాల్లో లేదు. మార్కులేసే మేడం కలం పట్టుకుని చూస్తోంది. నాగవేణి మంచం అంచున కూర్చుని, అవ్వ జడ విప్పి, వదులుగా మళ్ళీ అల్లసాగింది.

"నా వంతు అయిపాయవ్వా. ఇంగో పాప వస్తాది. జడ బిగించొద్దని ఆ పాపకూ చెప్పు."



"నీయంత గట్టిగా ఎవురూ వెయ్యర్లే," అంది అవ్వ. "సరే, పొయ్యిరా."

మేడం పాస్ అని రాసి తలెత్తేసరికి, నాగవేణి ఇంకా జడ అల్లుతూనే ఉంది.