హెచ్చు పాటదారు

వేలం మొదలయ్యేసరికి డ్రైవరు చెవికి ఫోను అతుక్కుపోయి ఉంది.

అవతల, కోర్టు వరండాలో అతని పెళ్ళాం.

“వచ్చిందా?”

“సంతకం అయిందయ్యా. ముద్ర పడాలి. అది బీరువాలో ఉందట, తాళం ఉన్నాయన భోజనానికెళ్లాడు.”

“ఎంతసేపు తింటాడే?”

అతని ప్రాణం ఎక్కడుందనుకున్నారు? అదిగో, గోడవారన దుమ్ము కొట్టుకుపోయిన తెల్ల వ్యానులో ఉంది. ఎవరో కిరాయికెక్కి మూటల్లో దొంగసరుకు తెచ్చారు. కస్టమ్స్ వాళ్లు మూటలతోపాటు బండినీ పట్టుకున్నారు. ఇతని తప్పేమీ లేదు, బండి ఇచ్చెయ్యమని జడ్జిగారు అననే అన్నారు. నోటిమాటకు గేటు తెరుచుకోదు కదా, కాగితం రావాలి.

పదిమందీ వింటుండగానే అధికారిని బతిమాలాడు. ఒక్క పూట ఆపమన్నాడు. కాగితం ముందొస్తే ఆపుతాను, పాట ముందైపోతే నా చేతుల్లో ఏమీ లేదన్నాడాయన.

పోనీ తనే పాడదామంటే, ముందుగా ధరావతు సొమ్ము కట్టినవాళ్లకే అక్కడ నోరు. ఇతనికి బస్సు ఛార్జీకే దిక్కులేదు.

ముందు వరసలో పాత ఇనుము వ్యాపారి కూర్చున్నాడు. ఆ పొట్ట చూసి అందరూ బొంగరం అంటారు. అతని చేతిలో పడ్డ బండి సాయంత్రానికల్లా ముక్కలే.

వ్యాను వంతు వచ్చింది.

బొంగరం చిల్లర విసిరినట్టు ఒక ధర అన్నాడు. అతని జట్టువాళ్లు కిక్కురుమనలేదు. వాళ్లు ముందే కూడబలుక్కున్నారు మరి.

అప్పుడు వెనక బెంచీ నుంచి బక్కపల్చటి ముసలాయన ఒకడు పైపాట పాడాడు.

బొంగరం మెడ తిప్పి చూసి పెంచాడు. ముసలాయనా పెంచాడు. అలా అలా కొత్త వ్యానుకైనా పలకనంత దాకా పోయింది. వీడెవడికో పిచ్చెక్కిందిరా అని బొంగరం నవ్వి వదిలేశాడు.

ఒకటోసారి. రెండోసారి.

డ్రైవరు ఫోను వంక చూశాడు. మోగలేదు.

మూడోసారి.

బయట, ముసలాయనకు అడ్డం పడ్డాడు డ్రైవరు.

“పెద్దవాడివి. ఇంకొకడి కంచం లాక్కుని తింటే అరుగుతుందా?”

“కాగితం మాత్రం తెచ్చుకో బాబూ. వదలకు.”

పుండు మీద కారం చల్లినట్టయింది. పాడెక్కే వయసులో ఈ పాటలేమిటని నోటికొచ్చినట్టల్లా తిట్టాడు. ముసలాయన అన్నీ విని వీధి మలుపు తిరిగిపోయాడు.

ముద్ర సాయంత్రానికి పడింది.

మర్నాడు ఆఫీసు తలుపు తియ్యకముందే మొగుడూ పెళ్ళాం గుమ్మంలో ఉన్నారు. చచ్చినవాడికి మందు తెచ్చినట్టుంది మన పని అని ఆమె ముక్కు చీదుకుంది.

అధికారి కాగితం చదివి, తాళంచెవి తీసి బల్లమీద పెట్టాడు.

“తీసుకెళ్లు. బండి ఇక్కడే ఉంది.”

హెచ్చు పాటదారు ముందురోజు సాయంత్రం గడువులోగా డబ్బు కట్టలేదట. మళ్లీ ఆ ఛాయలకే రాలేదట. పాట రద్దయింది, ఆయన ధరావతు సర్కారులో కలిసిపోయింది.

డ్రైవరు తాళంచెవి అందుకుని గుప్పిట్లో పెట్టుకున్నాడు. అతని పెళ్ళాం అడిగింది.

“కొనేవాడు కానప్పుడు అంత పోగొట్టుకుని ఎందుకు పాడాడు సార్? ఎవరాయన?”

అధికారి కాగితాన్ని ఫైల్లో పెట్టాడు.

“పోయినేడు ఆయన లారీని ఇక్కడే, నేనే వేలం వేశాను. ఇచ్చెయ్యమన్న కాగితం మర్నాడొచ్చింది.”