మూడోసారి పిలిస్తే

రాత్రివేళ కంచె అవతల ఎడారిలో గూడ్స్ బండి నెమ్మదిగా పోతోంది. చెత్త పారేయడానికి విల్లా వెనక్కి వచ్చిన పనివాళ్ళు బేబీ, హుస్సేనమ్మ రోజూలాగే నిలబడి చూస్తున్నారు. ఈ పట్టాలు వేసే పనిలో ఉండగానే హుస్సేనమ్మ భర్త జాడ తెలియకుండా పోయాడు.

బండి మీది కంటైనర్ల మధ్య నుంచి ఎవరో పిలిచారు.

"హుస్సేనీ!"

"మా ఆయన గొంతే, బేబీ!"

"పలక్కు అక్కా! రాత్రిపూట మూడోసారి పిలిస్తేనే పలకాలి. దెయ్యమైతే రెండుసార్లతో ఆగిపోద్ది."

"నీ గోదారి కబుర్లు నువ్వూ! మీ ఆయన్నైతే ఇట్టనే నిలబెడతావా?"

"హుస్సేనీ!"

చివరి పెట్టె దాటిపోయింది. చప్పుడు ఇసుకలో కలిసిపోయింది. హుస్సేనమ్మ కంచె పట్టుకుని ఏడ్చింది.

"ఖలాస్. పోయినాడు."

"హుస్సేనీ!"

ఈసారి పిలుపు వాళ్ళ వెనకనుంచి, చాలా దగ్గరగా వచ్చింది. మూడో పిలుపే అయినా, బండిలో పోయిన గొంతు వెనక వినపడేసరికి బేబీ ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది. అప్పటికే హుస్సేనమ్మ నవ్వుతూ అటు తిరిగి, "వస్తుండా" అంది.