గడప దాటిన మాత్ర

ఇళ్లలోని వస్తువులు ఒకదాని మాట ఒకటి కాదన్నప్పుడు ఏది నిజమో తేల్చడం నా ఉద్యోగం. ఇవాళ ఆ తగువు మా ఇంట్లోనే వచ్చింది.

అత్తయ్య బీపీ మాత్ర తీసుకున్నారని మందుల డబ్బా అంటోంది. అది ఒంట్లోకి పోలేదని ఆవిడ చేతి వాచీ అంటోంది. చెత్తబుట్టేమో తనలో పడలేదంది. పదింటిలోగా నేను తేల్చకపోతే అంబులెన్సు వచ్చి ఆవిణ్ణి ఎక్కించుకుపోతుంది.

మూడూ నిజమే చెబితే, మాత్ర గడప దాటినట్టే.

"పొద్దున ఎక్కడికెళ్లారు అత్తయ్యా?"

"ఎక్కడికే? ఎదురింటి నాంచారమ్మక్కకి గోంగూర పచ్చడి ఇచ్చొచ్చా."

ఆ గిన్నె వంటగట్టు మీదుంది. ఉత్త గిన్నె తిరిగివ్వకూడదని నాంచారమ్మగారు అందులో కరివేపాకు వేసి పంపారు. ఆకు కింద చింపిన మాత్ర రేకు ఉంది. తమ చెత్తబుట్టలో వేస్తే అది చెప్పేస్తుందని ఆవిడ భయం.

"తొంభై నిండాయని ఆవిడకి వాళ్ల డబ్బా మాత్రలివ్వడం మానేసిందే. కళ్లు తిరిగి పడిపోతోంది. ఎట్లా చూస్తూ ఊరుకోను?"

'వాచీది తప్పు' అని రాసి పంపేశాను. ఈ ఉద్యోగంలో నేను రాసిన మొదటి అబద్ధం అదే.

"మన ఇద్దరిదీ ఒకటే మందు కదా. రేపు నాది ఇద్దాం."

"నీ వాచీ ఊరుకుంటుందా?"

"దాని తగువూ నా దగ్గరికేగా వచ్చేది, అత్తయ్యా!"