గంట కింది గది

“కళ్లలోకి చూసి మాట్లాడడు మేడమ్. ఒళ్లంతా పొగరు,” అన్నాడు జైలరు, డాక్టరమ్మ చేతి గడియారం వైపు చూస్తూ.

ఎదురుగా నిలబడ్డ ఖైదీ, నలభై ఒకటో నంబరు, గోడమీది స్విచ్చును చూస్తున్నాడు.

“కోర్టులోనూ ఇదే వరస. జడ్జిగారు అడుగుతుంటే ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాట్ట. చేసినదానికి చింత లేదని ఇంకో ఏడాది వడ్డించారు. ఇక్కడేమో హాజరు గంట మోగగానే చెవులు మూసుకుంటాడు, పిలిస్తే పలకడు. అందుకే పదిహేను రోజులు గంట కింది గదిలో వేస్తున్నా.”

ఆ గది పేరెత్తితే కరడుగట్టిన ఖైదీలు కూడా కాళ్లు పట్టుకుంటారు. అరగంటకోసారి గంట సరిగ్గా నెత్తిమీద మోగుతుంది. శిక్ష కాగితం బల్లమీద సంతకానికి సిద్ధంగా ఉంది.

డాక్టరమ్మ తనను ఇక్కడికి రప్పించిన అర్జీ తీసి చదివింది. “‘గంట మోగితే ప్రాణం పోయినంత పని. వస్తువు జరిగితే స్థిమితం ఉండదు. అందరూ పొగరనుకుంటారు. దయచేసి డాక్టరును పంపండి.’ ఇది రాసింది నువ్వేనా?”

“నేనే,” అన్నాడు ఖైదీ, స్విచ్చుతో.

“నాటకం!” అన్నాడు జైలరు.

ఆమె ఇరవై ప్రశ్నల ఫారం ముందు పెట్టుకుంది. “పెద్ద శబ్దాలు భరించలేవా?”

ఖైదీ నోరు తెరిచేలోపే జైలరు అందుకున్నాడు. “ఎవరు భరిస్తారు మేడమ్? నేను రోజూ చెవుల్లో దూది పెట్టుకోవడం లేదూ? అది జబ్బా?”

ఆమె టిక్కు పెట్టింది. “రోజూ ఒకే తిండి కావాలా?”

“ఇరవై రెండేళ్లుగా పొద్దున నాలుగు రొట్టె ముక్కలు తింటున్నా. మూడు పెడితే ఆ రోజంతా మా ఆవిడతో మాటల్లేవు. దాన్ని క్రమశిక్షణ అంటారు!”

ఇంకో టిక్కు. “ఎదుటివాళ్లు మర్యాదకు అన్నమాట నిజమనుకుంటావా?”

“పెద్దాఫీసరు ‘నా గురించి మొహమాటం లేకుండా చెప్పవయ్యా’ అన్నారు. చెప్పాను. తొమ్మిదేళ్లుగా నా ప్రమోషను అటకెక్కింది.”

ఆమె మాటల మధ్య బల్లమీది రబ్బరు స్టాంపును అంగుళం పక్కకు జరిపింది. ఆయనకు తెలియకుండానే జైలరు చెయ్యి దాన్ని మళ్లీ యథాస్థానానికి చేర్చింది.

అంతలో గంట మోగింది. ఖైదీ చెవులు మూసుకున్నాడు. దూది ఉన్నా జైలరూ మూసుకున్నాడు.

“చూశారా వీడి వేషాలు!” అన్నాడు గంట ఆగాక.

ప్రశ్నలు అయిపోయాయి. “ఇరవైకి పద్దెనిమిది. ఇది పొగరు కాదు, నాటకమూ కాదు. పుట్టుకతో వచ్చిన మెదడు తీరు, ఆటిజం అంటారు,” అంది డాక్టరమ్మ.

“వీడికా?”

“జవాబులన్నీ మీవే కదండీ.”

జైలరు కుర్చీలో కూలబడ్డాడు. “అయితే... బళ్లో పంతులు మొండివెధవా అని నన్ను బాదిందీ, రాయిలాంటి మనిషివని మా ఆవిడ ఏడ్చిందీ...”

“పాపం, వాళ్లకీ తెలియక.”

ఆయన శిక్ష కాగితం అందుకుని, సరిగ్గా నాలుగు సమానమైన ముక్కలు చేసి, ఒకదానిమీద ఒకటి పేర్చి చెత్తబుట్టలో పెట్టాడు.

డాక్టరమ్మ కళ్లు తుడుచుకుని కొత్త ఫారం తీసింది. “ఇక నీ వంతు బాబూ. నీ సంగతి నువ్వే గమనించుకుని అర్జీ పెట్టావు, మెచ్చుకోవాలి.”

“నాకెందుకమ్మా?” అన్నాడు ఖైదీ, స్విచ్చు మీంచి చూపు తిప్పకుండా.

“నేను అర్జీ పెట్టింది సారు కోసం.”